కుంచం మీది గోపురం

ధాన్యం కొలిచే కుంచానికి అడుగు ఒకటే గాని, నోరు రెండు మాటలాడేది. అంచుకు సమంగా చేత్తో తుడిచి కొలిస్తే ఒక మాట. గింజలిక నిలవక జారిపోయేదాకా పైన గోపురంగా పోసి కొలిస్తే ఇంకో మాట. ఇచ్చేటప్పుడు తుడిచి, పుచ్చుకునేటప్పుడు గోపురం పెట్టి కొలిచే ఘనులు ఏ వూళ్ళోనైనా ఒకరిద్దరు వుండేవారు. కొలిచేవాడు మొదటి కుంచాన్ని “ఒకటి” అనడు, “లాభం” అంటాడు. తరువాత రెండు, మూడు. ఏడు రాగానే “ఆరున్నొకటి” అని దాటేస్తాడు. ఆ లాభం ఎవరికన్నది మాత్రం కుంచం ఆకారం నిర్ణయించేది.

ఆకారమేమిటి, కొలత కొలతే కదా అనవచ్చు మీరు. అక్కడే వుంది కిటుకు.

రెండు కుంచాలు తీసుకుందాం. ఒకటి సన్నంగా, పొడుగ్గా వుంది: నోటి వెడల్పు 8 అంగుళాలు, లోతు 16. రెండోది పొట్టిగా, వెడల్పుగా వుంది: నోరు 16 అంగుళాలు, లోతు 4. (నిజం కుంచాలు ఇలాగే వుండేవని కాదు, లెక్క సులువుకోసం.) గుండ్రటి పాత్రలో ఎంత పడుతుందో తెలియాలంటే అడుగు వైశాల్యాన్ని లోతుతో హెచ్చవేయాలి. నోటి వెడల్పులో సగాన్ని దానితో దాన్నే హెచ్చవేసి, మళ్ళీ 22/7తో హెచ్చవేస్తే అడుగు వైశాల్యం వస్తుంది. మొదటి దానికి 4×4×16, అంటే 256. రెండో దానికి 8×8×4, అదీ 256. రెంటినీ 22/7తో హెచ్చవేయాలి గనుక దాన్ని అలాగే పక్కన పెడదాం. తుడిచి కొలిస్తే రెండు కుంచాలూ సరిసమానం. పెద్దమనుషుల ముందు నీళ్ళు పోసి చూపించినా ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఇప్పుడు గోపురం పెట్టండి. పోసిన గింజ తన స్వభావాన్నిబట్టి ఒక వాలులో నిలుస్తుంది. నోటి వెడల్పులో సగానికి సగం ఎత్తు లేస్తుందనుకుందాం. సన్నకుంచం మీద గోపురం 2 అంగుళాల ఎత్తు. వెడల్పుకుంచం మీద 4 అంగుళాలు. ఈ గోపురం ఆకారం శంకువు. శంకువులో పట్టేది, అదే అడుగూ అదే ఎత్తూ వున్న స్తూపంలో మూడోవంతు. కనుక సన్నకుంచం గోపురంలో 4×4×2లో మూడోవంతు, అంటే 10 చిల్లర. వెడల్పు కుంచం గోపురంలో 8×8×4లో మూడోవంతు, 85 చిల్లర. ఒకటికి ఎనిమిది రెట్లు! సన్నకుంచానికి గోపురం 24వ వంతు. వెడల్పు కుంచానికి ఏకంగా మూడోవంతు. మూడు కుంచాలు కొలిస్తే నాలుగో కుంచం వూరికే వచ్చి ఒళ్ళో పడుతుందన్నమాట.

మా వైపు నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. పుట్టికి 80 కుంచాలు. కౌలు రైతు ఒక పుట్టి ధాన్యాన్ని గోపురం పెట్టి కొలిచాడనుకోండి. సన్నకుంచంతో అయితే మూడు కుంచాల పైచిలుకు అదనంగా పోతుంది. వెడల్పు కుంచంతో అయితే దాదాపు 27 కుంచాలు. ఆ 27 కుంచాలూ ఓ సంసారానికి కొన్ని నెలల తిండి. (పుట్టి మునగడమంటే నదిలో తిరిగే పుట్టి మునగడమే గాని, ఈ కొలత పుట్టి కాదు. అయినా ఆ రైతుకు రెండూ ఒకటే.) 1956 నాటి తూనికలు, కొలతల చట్టంతో మెట్రిక్ పద్ధతి వచ్చి, ధాన్యం కాటా ఎక్కాక గోపురం కూలింది.

తెలుగు మాస్టారుకి ఈ లెక్కలేమిటని ముక్కున వేలేసుకోకండి. సాహిత్య చరిత్ర చెప్పేటప్పుడు పావులూరి మల్లన పేరు మేము తప్పించుకోలేం. నన్నయ్యకు దగ్గరివాడని కొందరు, తరువాతివాడని కొందరు పండితులు తర్జనభర్జనలు పడుతుంటారు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని మల్లన తెలుగు పద్యాల్లోకి దించాడు. పాఠంలో ఆయనకు దక్కేది రెండు వాక్యాలు. పరీక్షలో ఒక మార్కు. ఆ మూలగ్రంథాన్ని ఓసారి తిరగేశాను. అందులో ఖాత వ్యవహారమని ఒక అధ్యాయముంది. ఖాతమంటే గొయ్యి. గోతుల లెక్కకు ఒక అధ్యాయమా అనిపిస్తుంది. బావులు, చెరువులు, పునాదులు తవ్వి బతికే దేశంలో అంతకన్న అవసరమైన లెక్క ఏముంది?

మన పాఠ్యపుస్తకాల్లో మాటలు కూడా తమాషాగా వుంటాయి. రెండు చివరలా ఒకే వెడల్పు వుండే గుండ్రటి డబ్బాను “స్తూపం” అన్నారు. అమరావతి స్తూపం బొమ్మ చూసిన పిల్లవాడికి సందేహం రాక తప్పదు: అది గుండ్రటి వేదిక మీద బోర్లించిన అర్ధగోళం కదా! “శంకువు” మాట మాత్రం బాగా కుదిరింది. శంకుస్థాపనలో పాతే మేకు అదే. ఒక కొస మొన తేలి వుంటుంది. పాతవాళ్ళు మొన తేలిన ఆకారాన్ని “సూచి” అనేవారు, సూది అని. ఇంట్లో ఆడవాళ్ళకు వెంటనే అర్థమయ్యే మాట.

సరే, శంకువుకు మూడోవంతే ఎందుకు? సగమెందుకు కాకూడదు? బళ్ళో ఇది చెప్పరు. సూత్రం బల్ల మీద రాసి వల్లె వేయిస్తారు. ఇంట్లో మాత్రం పది నిమిషాల్లో చూపించవచ్చు. నోరూ లోతూ డబ్బాకు సమానంగా వుండేలా అట్టకాగితంతో పొట్లం చుట్టి, దాంతో బియ్యం డబ్బాలో పోయండి. సరిగ్గా మూడు పొట్లాలకు డబ్బా నిండుతుంది. పిల్లలు రెండుసార్లు చేసి చూస్తారు, నమ్మకం కుదరక.

అది చూపించడం. చెప్పడం ఇంకొకటి. కందగడ్డలోంచి అన్ని వైపులా సమానంగా వుండే ముక్క కోయండి, అంటే ఘనం. పైనున్న ఒక మూలను పట్టుకోండి. ఆ మూలకు తగలని ముఖాలు మూడుంటాయి: అడుగు ముఖం, ఎదురుగా వున్న రెండు పక్క ముఖాలు. పట్టుకున్న మూలను మొనగా, ఆ మూడు ముఖాలనూ మూడు పీటలుగా చేసి కోస్తే ముక్క మూడు పిరమిడ్లవుతుంది. మూడూ అచ్చు ఒకే తీరు. కనుక ఒక్కొక్కటి మూడోవంతు. మొన మధ్యలో కాక ఓ పక్కకు వాలి వుందే అంటారా? చీట్లపేక దొంతరను పక్కకు ఒత్తండి. దొంతర వాలుతుంది గాని, చీట్లు పెరగవు, తరగవు. అలాగే ప్రతి పొరనూ జరుపుకుంటూ పోతే మొన మధ్యకు వస్తుంది, సరుకు అంతే. చదరపు పొరల్లో గుండ్రటి పొరలు కోసుకుంటే పిరమిడ్ కాస్తా శంకువవుతుంది. ప్రతి పొరలోనూ అదే పాలు తీసేస్తాం గనుక మూడోవంతు మూడోవంతుగానే నిలుస్తుంది.

ఈ మూడోవంతు ఎంత దొరకని వస్తువంటే, ఆర్యభటుడంతటి వాడికే చిక్కలేదు. 499లో ఆయన చెప్పిన సూత్రానికి సామాన్యంగా చెప్పుకునే అర్థం ప్రకారం, మొన తేలిన ఘనానికి అడుగు వైశాల్యాన్ని ఎత్తుతో హెచ్చవేసి సగం తీసుకోవాలి. త్రిభుజానికి సగం కదా, దీనికీ సగమే అనుకుని వుంటాడు. భూమి తన చుట్టూ తాను తిరుగుతోందని చెప్పిన మనిషి కందగడ్డ దగ్గర తడబడ్డాడు. 628లో బ్రహ్మగుప్తుడు మూడోవంతని సరిగా చెప్పాడు.

అయితే బ్రహ్మగుప్తుడు నిజంగా చేసిన మేలు వేరే వుంది. అది గోతి దగ్గర బయటపడుతుంది.

మా వీధిలో ఒకాయన పెరట్లో నీటి గుంట తవ్వించాడు. గట్లు విరిగిపడకుండా వాలుగా తవ్వమన్నాడు. పైన 12 అడుగుల చదరం, అడుగున 6 అడుగుల చదరం, లోతు 6 అడుగులు. కూలి ఘనపుటడుగుల లెక్కన ఒప్పందం. పని అయ్యాక తగువు మొదలైంది. ఆసామి లెక్క ఇది: పైన 12, కింద 6, సగటున 9; తొమ్మిది తొమ్ములు 81, లోతు 6తో హెచ్చిస్తే 486 ఘనపుటడుగులు. మేస్త్రీ లెక్క ఇది: పైన వైశాల్యం 144, కింద 36, సగటు 90, ఆరింట హెచ్చిస్తే 540. ఇద్దరూ సగటే తీశారు. ఇద్దరి ముఖాల్లోనూ నిజాయితీ తాండవిస్తోంది. తేడా 54 ఘనపుటడుగులు. అడుగుకు 10 రూపాయలనుకుంటే 540 రూపాయలు. ఎండలో గునపం పట్టినవాడికి అది చిన్న మొత్తం కాదు.

గోతిని ముక్కలు చేసి చూద్దాం. నడిమి భాగం 6 అడుగుల చదరంగా పైనుంచి కిందిదాకా నిటారుగా దిగింది. అది 6×6×6, అంటే 216. దానికి నాలుగు పక్కలా వాలు భాగాలు. ఒక్కొక్కటి 6 పొడుగు, పైన 3 వెడల్పు, 6 లోతు, కింద అంచుకు వచ్చేసరికి ఏమీలేదు. దీర్ఘచతురస్రపు దిమ్మను ఏటవాలుగా రెండు చేసినట్టే గనుక ఒక్కొక్కటి 108లో సగం, 54. నాలుగింటికీ 216. ఇంతవరకూ ఆసామికీ మేస్త్రీకీ పేచీ లేదు. మిగిలినవి నాలుగు మూలలు. పైన 3 అడుగుల చదరం, లోతు 6, కింద మొన. తలకిందులుగా పెట్టిన పిరమిడ్లు! దిమ్మగా వుంటే ఒక్కొక్కటి 54. ఆసామి పద్ధతిలో మూలకు అందులో పావు మాత్రమే దక్కుతుంది, పదమూడున్నర. మేస్త్రీ పద్ధతిలో సగం, 27. కందగడ్డ న్యాయం ప్రకారం మూడోవంతు, 18. నాలుగు మూలలకు 72. మొత్తం 504.

చూశారా, గొయ్యంతా ఒప్పుకుని నాలుగు మూలల దగ్గర కొట్టుకున్నారు. ఆసామి 18 అడుగులు తక్కువ కట్టాడు, మేస్త్రీ 36 అడుగులు ఎక్కువ కట్టాడు. మేస్త్రీ చేసింది ఆర్యభటుడి సగమే గనుక అతణ్ణి మరీ తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

బ్రహ్మగుప్తుడు ఈ రెండు లెక్కలూ ఎరుగును. ఆసామి లెక్కకు “వ్యావహారికం” అని పేరు పెట్టాడు. మేస్త్రీ లెక్కకు “ఔత్రం” అన్నాడు, మోటు లెక్క అని. గ్రాంథికానికీ వ్యావహారికానికీ తలలు పగలగొట్టుకున్న మనకు, గోతిలో కూడా వ్యావహారికం వుందంటే నవ్వొస్తుంది. తీర్పు మాత్రం బహు నాజూకుగా చెప్పాడు: రెంటి తేడాలో మూడోవంతు తీసి వ్యావహారికానికి కలుపు, సూక్ష్మఫలం వస్తుంది. 540లోంచి 486 తీస్తే 54. అందులో మూడోవంతు 18. 486కు 18 కలిపితే 504. ముక్కలు కోయనక్కరలేదు, మూలలు వెతకనక్కరలేదు. తగువులాడే ఇద్దరి లెక్కలనూ తీసుకుని, ఆ రెంటిలోంచే నిజాన్ని పిండాడు. మహావీరాచార్యుడూ తన ఖాత వ్యవహారంలో ఈ దారే పట్టాడు. ఈజిప్టు వాళ్ళకూ ఇది బాగా తెలుసు. క్రీస్తుకు పూర్వం సుమారు 1850 నాటిదని చెప్పే మాస్కో పాపిరస్‌లో, కొన విరిగిన పిరమిడ్ లెక్క ఒకటుంది: కింద 4, పైన 2, ఎత్తు 6. జవాబు 56. మన పద్ధతిలో చేసి చూసుకోండి, అంతే వస్తుంది.

2005లో ఉపాధి హామీ చట్టం వచ్చాక మన పల్లెల్లో ఇలా వాలు గట్లతో వేలాది నీటి కుంటలు తవ్వారు. కూలి పడింది తవ్విన మట్టి కొలతను బట్టే. కనుక ఈ నాలుగు మూలలు పెద్ద లెక్కే. ఇంకో మాట. కొలత గోతిలోనే తీయాలి గాని, గట్టున పోసిన మట్టికుప్పలో కాదు. తవ్విన మట్టి గుల్లబారుతుంది. నేలను బట్టి గోతిలో వున్నదానికన్న పావువంతు దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పెద్ద తవ్వకాల్లో కొలత అయ్యేదాకా మధ్య మధ్య మట్టి దిమ్మలను తవ్వకుండా వదులుతారు. మొదట నేల ఎంత ఎత్తున వుండేదో అవి నిలబడి సాక్ష్యం చెపుతాయి.

ఇక గోళం. దీని కథ గ్రీకుల దగ్గర మొదలెట్టాలి. గోళం సరిగ్గా ఇమిడే స్తూపంలో గోళం మూడింట రెండు వంతులని ఆర్కిమిడీజ్ నిరూపించాడు. తాను కనిపెట్టినవాటన్నిటిలోనూ దీన్నే ఎక్కువగా మెచ్చుకున్నాడు కాబోలు, తన సమాధి మీద గోళాన్నీ స్తూపాన్నీ చెక్కమన్నాడట. క్రీ.పూ. 212లో సిరక్యూస్ పట్టణం పడిపోయినప్పుడు రోమను సైనికుడి చేతిలో చచ్చిపోయాడు. 137 సంవత్సరాల తరువాత సిసిలీకి అధికారిగా వచ్చిన సిసిరో, ముళ్ళకంపల మధ్య పైకి తేలి కనిపిస్తున్న ఆ గుర్తును చూసే సమాధిని పోల్చుకున్నాడు. సొంతవూరి వాళ్ళు అప్పటికే మరిచిపోయారు. మన దేశంలో 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో సరైన దారి చెప్పాడు: వృత్తవైశాల్యానికి నాలుగు రెట్లు గోళం పైతలం, దాన్ని వ్యాసంతో హెచ్చవేసి ఆరింట భాగిస్తే ఘనఫలం.

ఇంటికి పనికివచ్చే సంగతి ఇందులో ఒకటుంది. గోళం వ్యాసాన్ని మూడుసార్లు హెచ్చవేసుకుంటూ పెరుగుతుంది. 4 సెంటీమీటర్ల లడ్డూకు 64 పాళ్ళు, 5 సెంటీమీటర్ల లడ్డూకు 125 పాళ్ళు. కంటికి కాస్త పెద్దదిగా కనిపించే లడ్డూ నిజానికి దాదాపు రెండు లడ్డూలు! పెళ్ళివారికి “కొంచెం పెద్దవి కట్టించండి” అని వాకిట్లోంచి కేక వేసే మేనమామలు ఈ మాట చెవిన వేసుకోవాలి. పుచ్చకాయ సంగతీ అంతే. 20 సెంటీమీటర్ల కాయకు 2 సెంటీమీటర్ల తొక్క వుంటే లోపలి గోళం 16. అంటే 8000 పాళ్ళలో 4096. సగం తొక్కకే డబ్బిచ్చామన్నమాట. అదే తొక్కతో 30 సెంటీమీటర్ల కాయ అయితే నూటికి 65 పాళ్ళు గుజ్జు. రెండు చిన్న కాయల బేరంకన్న ఒక పెద్దకాయ మేలు.

కొలతలో మోసముందేమోనన్న అనుమానం ఒక పెద్ద శాస్త్రానికే బాట వేసిందంటే నమ్ముతారా? 1613లో జోహానెస్ కెప్లర్ రెండో పెళ్ళి చేసుకుని, ఆస్ట్రియాలోని లింజ్‌లో తన ఇంటికి ద్రాక్షసారాయి పీపాలు తెప్పించాడు. గ్రహాలు దీర్ఘవృత్తాల్లో తిరుగుతాయని తేల్చిన కెప్లరే. వర్తకుడు వచ్చి, పీపా నడుముకున్న బెజ్జంలోంచి ఒక కర్రను ఏటవాలుగా అవతలి మూలకు తగిలేదాకా దించి, తడిసినంత మేర చూసి ధర చెప్పేశాడు. పీపా పొడుగా, పొట్టా అని చూడలేదు. కొత్త పెళ్ళికొడుకు మనసు పీపా మీదికి పోయింది. కర్ర తడిసినంత మేర ఒకటే అయినా, పీపా గొట్టంలా సన్నగా వుంటే లోపల ఏముంటుంది? కూర్చుని లెక్క కట్టాడు. పీపాను సన్నటి పొరలు పొరలుగా ఊహించి కలిపాడు. ఆస్ట్రియా పీపాల ఆకారం, ఆ కర్ర కొలతకు అన్నిటికన్న ఎక్కువ పట్టే ఆకారానికి చాలా దగ్గరగా వుందని తేలింది. అక్కడ ఆకారం కాస్త అటూ ఇటూ అయినా పట్టే సరుకు పెద్దగా మారదు. కనుక వర్తకుడి కర్ర అంత అన్యాయమేమీ కాదు. ఈ లెక్కలన్నీ 1615లో పుస్తకంగా వచ్చాయి. తరువాత న్యూటన్, లైబ్నిట్జ్‌లు తీర్చిదిద్దిన కలనగణితానికి అది ఒక ముందడుగని చరిత్రకారులంటారు. మన కుంచాలకు ఒక కెప్లర్ దొరకలేదు.

కుంచం పోయినా గోపురం బుద్ధి పోలేదు, తలకిందులైంది. టీ కొట్లో గ్లాసు చూడండి. నోరు వెడల్పు, అడుగు సన్నం. నోరు 6 సెంటీమీటర్లు, అడుగు 4, ఎత్తు 9 అనుకుంటే నిండుగా 179 మిల్లీలీటర్లు పడుతుంది. పైన మూడోవంతు వెలితిగా పోస్తే గ్లాసులో మిగిలేది 103. కంటికి పోయింది మూడోవంతు. కడుపుకు పోయింది నూటికి 42 పాళ్ళు. పై భాగంలోనే సరుకంతా వుంటుంది మరి. మా కాలేజీ ఎదుటి కొట్టాయనకు ఈ సంగతి కాగితం మీద గీసి ఓపిగ్గా వివరించాను. ఆయన మొత్తం విని, కాగితాన్ని తలకిందులు చేసి మరీ చూసి, “లెక్క బాగుంది మాస్టారూ. రేపణ్ణుంచి మీ గ్లాసు నిండా పోయిస్తాను. ఈ కాగితం మాత్రం ఇక్కడే వుంచి వెళ్ళండి, ఇంకెవరికీ చూపించకండి” అన్నాడు.